పొగ, నిప్పు, తడి కట్టె: కాంట్రాస్ట్ స్కాన్ పఠనంలో వ్యాప్తి సమస్య – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

శరీరంలోకి ఒక మందు ఎక్కించి, స్కాన్ తీసి, రోగస్థితిని అంచనా వేసే పద్ధతికి ఆధునిక వైద్యపరిశోధనలో ముఖ్యమైన స్థానం ఉంది. ఆ చిత్రాన్ని ప్రత్యక్షప్రమాణంగా భావించడం వాడుక. అది స్వభావరీత్యా అనుమానప్రమాణమనీ, దానిని తర్కశాస్త్రం చెప్పిన వ్యాప్తి, ఉపాధి అనే భావనలతో పరీక్షించవచ్చుననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితి విషయంలో 1990 నుంచి 2017 వరకు జరిగిన పరిశోధనను ఇందుకు ఉదాహరణగా తీసుకుంటుంది. ఆ చిత్రాల గురించి తెలుగులో చెప్పేటప్పుడు వాడుతున్న మాటలను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాంట్రాస్ట్ మందు, ఎమ్మారై, గాడోలినియం, వ్యాప్తి, ఉపాధి, తర్కసంగ్రహం, వైద్యభాష.

1. ఉపోద్ఘాతం:

1895 డిసెంబరులో రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్ కిరణాలతో చిత్రించాడు. ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. రక్తనాళాలు కనిపించలేదు. మరుసటి నెలలోనే వియన్నాలో హాషెక్, లిండెన్‌తాల్ అనే ఇద్దరు ఒక శవపు చేతి రక్తనాళాల్లోకి ఎక్స్ కిరణాలను అడ్డగించే మిశ్రమాన్ని ఎక్కించి, నాళాల అల్లికను చిత్రంలోకి తెచ్చారు. కనబడని దానిని కనబడేట్లు చేయడానికి బయటి పదార్థాన్ని లోపలికి పంపే పద్ధతికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ బ్రతికున్న మనిషి మెదడు రక్తనాళాలను ఈ దారిలోనే చిత్రించాడు.

ఈ చరిత్రను సాధారణంగా చూపు సాధించిన విజయంగా చెబుతారు. సాహిత్యవిమర్శ చదువుకున్నవారికి ఇక్కడ మరొక ప్రశ్న ఎదురవుతుంది. చిత్రంలో ఉన్నదేమిటి? దాని నుంచి చదువరి గ్రహించినదేమిటి? ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని దాటించినదేమిటి? పాఠానికీ అర్థానికీ మధ్య వేసే ఈ ప్రశ్నలను స్కాన్ చిత్రానికీ రోగనిర్ణయానికీ మధ్య వేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. రోగనిర్ణయంలోని శాస్త్రీయమైన మంచిచెడ్డలను తేల్చడం దీని పరిధిలోనిది కాదు. ఒక చిత్రం నుంచి ఒక నిర్ణయానికి వెళ్ళే తర్కమార్గాన్ని పరిశీలించడమే దీని పరిధి.

2. కాంట్రాస్ట్ మందు చేసే పని:

ఎక్స్‌రే, సీటీ పరీక్షల్లో వాడే బేరియం, అయోడిన్ పదార్థాలు కిరణాలను అడ్డుకుంటాయి. అందువల్ల అవి ఉన్నచోటు చిత్రంలో నేరుగా కనబడుతుంది. ఎమ్మారైలో వాడే గాడోలినియం తీరు వేరు. దాని అయానులో జంటకూడని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి. వాటి ప్రభావంతో పక్కనున్న నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు త్వరగా తమ పూర్వస్థితికి చేరుకుంటాయి. యంత్రం నమోదు చేసేది ఆ హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని. అంటే చిత్రంలో వెలిగేది గాడోలినియం కాదు, గాడోలినియం వల్ల ప్రవర్తన మారిన నీరు.

మెదడు విషయంలో ఇంకొక మెట్టు ఉంది. మెదడులోని చాలా భాగాల్లో రక్తనాళాల గోడలు బిగువుగా ఉండి, ఇటువంటి మందును కణజాలంలోకి పోనివ్వవు. దీనినే రక్త-మెదడు అవరోధం అంటారు. ఆ అవరోధం చెదిరినచోట మందు బయటికి ఊరుతుంది. ఊరినచోటు చిత్రంలో తెల్లగా వెలుగుతుంది. ఉద్ధృతంగా పెరిగే కణితులు కొత్త రక్తనాళాలను పుట్టిస్తాయి. అవి బలహీనమైనవి కావడంతో మందు వాటి నుంచి సులువుగా ఊరుతుంది.

కాబట్టి చదువరి నడిచే దారిలో మూడు మెట్లున్నాయి: వెలుగు నుంచి మందు ఉనికికి, మందు ఉనికి నుంచి నాళపు ఊటకు, ఊట నుంచి కణితికి. మొదటి రెండు మెట్లు గట్టివి. మూడవది పరీక్షించవలసినది.

3. తర్కసంగ్రహం అందించే కొలమానం:

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన తర్కసంగ్రహం మన పాఠశాలల్లో తరతరాలుగా తొలి తర్కపాఠంగా నిలిచింది. అందులోని కొండ, పొగ, నిప్పు ఉదాహరణ అందరికీ పరిచితమే. కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. పొగ ఉన్నచోటనల్లా నిప్పు ఉంటుందన్న నియతసంబంధం వ్యాప్తి. వ్యాప్తి చెడితే అనుమానం చెడుతుంది.

ఈ ఉదాహరణను తిరగవేస్తే ఏమవుతుందో కూడా తార్కికులు ఆలోచించారు. ‘కొండపై నిప్పు ఉంది, కాబట్టి పొగ ఉంది’ అనడం చెల్లదు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావడానికి తడి ఇంధనంతో సంయోగం కావాలి. ఆ తడి ఇంధనమే అక్కడి ఉపాధి.

ఈ కొలమానాన్ని మెదడు స్కాన్‌కు వర్తింపజేద్దాం. ‘ఈ మెదడులో కణితి పెరుగుతున్నది, వెలుగు ఉన్నందున’ అన్నది అనుమానవాక్యం. ఇక్కడ హేతువు సవ్యభిచారం, అంటే సాధ్యం లేనిచోట కూడా ఉండగలదు. రేడియేషన్ చికిత్స వల్ల దెబ్బతిన్న కణజాలం వెలుగుతుంది. చీము గడ్డ వెలుగుతుంది. అవరోధం సహజంగానే లేని పిట్యూటరీ గ్రంథి ఆరోగ్యవంతునిలోనూ వెలుగుతుంది. ‘వెలుగు లేదు, కాబట్టి కణితి లేదు’ అన్నది రెండవ వాక్యం. ఇది ఇనుపగుండు దగ్గర ఓడిపోతుంది. నెమ్మదిగా పెరిగే గ్లయోమాలు చాలా సందర్భాల్లో వెలగవు. కణితి వెలగాలంటే అవరోధం చెదరాలి. ఆ చెదరడమే ఇక్కడి తడి కట్టె.

ఈ పోలికతో ప్రాచీనులకు ఎమ్మారై తెలుసునని చెప్పడం నా అభిప్రాయం కాదు. అటువంటి వాదం తర్కానికీ వైద్యానికీ ఉపకరించదు. హేతువును పరీక్షించే పద్ధతి మన చదువుల్లో ఉన్నదనీ, అది ఈనాటి పాఠాలకూ పనికివస్తుందనీ మాత్రమే నా ప్రతిపాదన.

4. వెలుగును కొలిచిన పరిశోధన:

గ్లయోబ్లాస్టోమా పెద్దలలో వచ్చే మెదడు కణితుల్లో అత్యంత ఉద్ధృతమైనది. దానికి కొత్త మందు పనిచేస్తున్నదా లేదా అని తేల్చడానికి ఒక కొలత అవసరమైంది. 1990లో వెలువడిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు ఆ కొలతను స్థిరపరిచాయి. చిత్రంలో వెలిగే భాగపు రెండు లంబవ్యాసాలను గుణించాలి. ఆ లబ్ధం సగానికి సగం తగ్గితే చికిత్సకు స్పందన ఉన్నట్లు, 25 శాతం పెరిగితే రోగం ముదిరినట్లు. స్టెరాయిడ్ల మోతాదును, రోగి నాడీసంబంధ స్థితిని కూడా ఆ ప్రమాణాలు లెక్కలోకి తీసుకున్నాయి. అయినా వాటికి కేంద్రం వెలుగు వైశాల్యమే.

ఈ కొలత అనేక పరిశోధనలకు ఉమ్మడి భాష నిచ్చింది. ఆ మేలును కాదనలేం. కానీ ఊట నుంచి కణితికి వెళ్ళే మూడవ మెట్టును అది ప్రమాణంగా మార్చి, పరీక్షకు అందకుండా చేసింది. 2005 తర్వాత రేడియేషన్‌తోపాటు టెమోజోలోమైడ్ ఇవ్వడం సాధారణ చికిత్స అయింది. చికిత్స ముగిసిన తొలి వారాల్లో కొందరిలో వెలుగు పెరిగి, అదే చికిత్స కొనసాగుతుండగా తగ్గడం గమనించారు. దీనికి మిథ్యాపురోగతి అని అర్థమిచ్చే పేరు పెట్టారు. పెరిగినది కణితి కాదు, చికిత్స కలిగించిన వాపు, ఊట. వెలుగు లెక్క ప్రకారం చూస్తే, పనిచేస్తున్న మందును పనిచేయడం లేదని ఆపివేసే ప్రమాదం అందులో ఉంది.

5. తడి ఆరిన కట్టె:

దీనికి ఎదురుగా ఉన్న దోషం బెవాసిజుమాబ్ విషయంలో బయటపడింది. రక్తనాళాలను పెంచే ఒక ప్రోటీన్‌ను ఈ మందు బంధిస్తుంది. ఆ ప్రోటీన్‌ను 1983లో తొలిసారి వర్ణించినప్పుడు దానికి పెట్టిన పేరుకు నాళాలను ఊరేట్లు చేసే కారకం అని అర్థం. ఆ పేరులోనే మన సమస్య అంతా ఉంది. ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటే నాళాల ఊట తగ్గుతుంది. ఊట తగ్గితే గాడోలినియం బయటికి రాదు. గాడోలినియం రాకపోతే వెలుగు తగ్గుతుంది. కణితి కణాలు తగ్గినా తగ్గకపోయినా ఇది జరుగుతుంది.

2009 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాకు ఈ మందును త్వరితగతి పద్ధతిలో అనుమతించింది. అందుకు ముఖ్యాధారం స్కాన్‌లో కనిపించిన స్పందన శాతం. అదే ఏడాది ఐరోపా నియంత్రణ సంస్థ అవే ఆధారాలను చూసి అనుమతి నిరాకరించింది. ఒకే పాఠానికి ఇద్దరు చదువరులు రెండు అర్థాలు చెప్పారు.

కొత్తగా రోగనిర్ణయమైన వారిపై జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. ఒకదానిలో రోగం ముదరకుండా గడిచిన మధ్యస్థకాలం బెవాసిజుమాబ్ వర్గంలో 10.6 నెలలు, రెండవ వర్గంలో 6.2 నెలలు. బ్రతికిన మధ్యస్థకాలం 16.8, 16.7 నెలలు. రెండవ పరీక్షలో ముదరని కాలం 10.7, 7.3 నెలలు, బ్రతికిన కాలం 15.7, 16.1 నెలలు. స్కాన్ ప్రధానంగా నిర్ణయించిన కొలతలో నెలల తేడా ఉంది. ఆయువు కొలతలో తేడా లేదు.

ఇనుపగుండు ఉదాహరణ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కట్టెలో తడి ఆరింది, నిప్పు ఆరలేదు. పొగ తగ్గడాన్ని నిప్పు తగ్గడంగా చదివారు.

అయితే ఈ విమర్శ ఇక్కడే ఆగితే ఏకపక్షమవుతుంది. పొగ తగ్గడం కూడా పొగలో ఉన్నవానికి మేలే. ఊట తగ్గితే మెదడు వాపు తగ్గుతుంది, స్టెరాయిడ్ల అవసరం తగ్గుతుంది. 2017 డిసెంబరులో అమెరికా సంస్థ ఈ మందుకు పూర్తి అనుమతి ఇచ్చినప్పుడు ఆయువు పెరిగినట్లు నిరూపణ లేదు. రోగి జీవననాణ్యత విషయంలో పై రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పలేదు. ఒకటి అది నిలిచిందన్నది, రెండవది క్షీణించిందన్నది. కాబట్టి మందు వ్యర్థమని ఈ వ్యాసం తీర్పు చెప్పదు. ఆ మందు చేసిన పనికీ, చిత్రం చేసినట్లు చూపిన పనికీ ఉన్న తేడాను గుర్తించాలని మాత్రమే అంటుంది.

పరిశోధకులు ఈ దోషాన్ని తామే గుర్తించారన్నది కూడా చెప్పాలి. 2010లో వెలువడిన కొత్త ప్రమాణాలు వెలగని భాగంలోని పెరుగుదలను కూడా లెక్కలోకి తెచ్చాయి. రేడియేషన్ ముగిసిన తొలి 12 వారాల్లో, రేడియేషన్ తగిలిన ప్రాంతంలోనే కనిపించిన పెరుగుదలను కణజాల పరీక్ష లేకుండా రోగం ముదిరినట్లు నిర్ణయించరాదన్నాయి. న్యాయపరిభాషలో చెబితే, ఇది ఉపాధిని బయటపెట్టి హేతువును సవరించుకోవడం.

6. హేతువు కూడా తటస్థం కాదు:

కొండ మీది పొగ చూసేవానికి దూరంగా ఉంటుంది. కాంట్రాస్ట్ మందు అట్లా కాదు. దానిని మనమే శరీరంలోకి పంపుతాము. 1930, 1940 దశకాల్లో విస్తృతంగా వాడిన థోరోట్రాస్ట్ చక్కని చిత్రాలనిచ్చింది. అందులోని థోరియం డయాక్సైడ్ రేడియోధార్మికం. అది కాలేయంలో, ప్లీహంలో జీవితాంతం నిలిచిపోయి, దశాబ్దాల తర్వాత కాలేయ కాన్సర్లకు కారణమైంది. 1988లో అమెరికాలో తొలి గాడోలినియం మందు అనుమతి పొందింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మాన్నీ అవయవాలనూ గట్టిపరిచే ఒక వ్యాధికి, కొన్ని గాడోలినియం మందులకు సంబంధముందని 2006లో వెల్లడైంది. పలుమార్లు ఈ మందు తీసుకున్నవారి మెదడులో దాని జాడలు మిగులుతున్నాయని 2014 నుంచి అధ్యయనాలు చూపాయి. దానివల్ల మెదడుకు హాని జరిగినట్లు నిరూపణ కాకపోయినా, ముందుజాగ్రత్తగా 2017లో ఐరోపా సంస్థ అటువంటి కొన్ని మందులను నిలిపివేసింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలా మూత్రపిండవ్యాధి విస్తరించిన ప్రాంతాలలో ఈ చర్చ దూరదేశపు విషయం కాదు. స్కాన్‌కు ముందు మూత్రపిండాల గురించి అడిగే ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో రోగికి తెలియాలి. అది తెలియాలంటే తెలుగులో చెప్పగలగాలి.

7. తెలుగులో చెప్పే తీరు:

కాంట్రాస్ట్ మందును వాడుకలో ‘రంగుమందు’ అంటారు. మాట సులువుగా ఉంది కానీ, రోగాన్ని రంగు వేసి చూపుతుందన్న భావన కలిగిస్తుంది. ‘స్కాన్‌లో గడ్డ కనబడింది’, ‘గడ్డ కరిగింది’ అనే వాక్యాలు మూడు మెట్లను ఒక్క అంగలో దాటిస్తాయి. ‘కనబడింది’ అన్న క్రియ ప్రత్యక్షాన్ని చెబుతుంది. అనుమానాన్ని చెప్పే క్రియలు మనకు లేక కాదు, ఆ సందర్భంలో వాడకపోవడం వల్ల ఈ చిక్కు.

ఇందుకు కష్టమైన సంస్కృత సమాసాలను కల్పించనవసరం లేదు. నీటికుండ ఊరుతుంది, గోడ ఊరుతుంది, చెలమలో నీరు ఊరుతుంది. ఈ క్రియ రైతుకూ గృహిణికీ తెలిసినదే. ‘మందు ఊరిన చోటు తెల్లగా వచ్చింది’, ‘మందు ఊరడం తగ్గింది, గడ్డ తగ్గిందో లేదో ఇంకా చూడాలి’ అన్న వాక్యాలు అర్థం కానివి కావు. ‘గడ్డ తగ్గింది’ అని విన్న కుటుంబం ఒక నిర్ణయం తీసుకుంటుంది. ‘ఊరడం తగ్గింది’ అని విన్న కుటుంబం మరొక ప్రశ్న అడుగుతుంది. చికిత్స కోసం పొలం అమ్మాలా, అప్పు చేయాలా అని ఆలోచించే ఇంట్లో ఆ ప్రశ్న విలువ ఎక్కువ. వైద్యుని తొందరను, రోగి భయాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయినా ఉన్న కొద్ది సమయంలో చెప్పే ఒక్క వాక్యం సరైనదై ఉండటానికి అదనపు సమయం పట్టదు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• కాంట్రాస్ట్ స్కాన్ ప్రత్యక్షం కాదు, పలు మెట్లున్న అనుమానం. మెదడు విషయంలో వెలుగు ఊటను నమ్మకంగా చెబుతుంది, కణితిని అంత నమ్మకంగా చెప్పదు.

• మెక్‌డొనాల్డ్ ప్రమాణాల నుంచి 2010 సవరణ దాకా జరిగిన మార్పును, ఉపాధిని గుర్తించి హేతువును సవరించుకున్న చరిత్రగా చదవవచ్చు.

• చికిత్స రోగం మీదనే కాక, రోగాన్ని చూపే గుర్తు మీద కూడా పనిచేసినప్పుడు ఆ గుర్తును సాక్ష్యంగా తీసుకోరాదు. ఆయువు, జీవననాణ్యత వంటి వేరు సాక్ష్యాలు కావాలి.

• రోగికి చెప్పే తెలుగు వాక్యంలో ‘కనబడింది’కీ ‘తెలుస్తున్నది’కీ మధ్య భేదం పాటించాలి. ‘ఊరు’ వంటి వాడుక క్రియలు అందుకు చాలు.

తెలుగు శాఖల్లో శాస్త్రభాషపై జరుగుతున్న పరిశోధన ఎక్కువగా పారిభాషిక పదాల నిర్మాణం దగ్గర ఆగుతున్నది. పదంతోపాటు వాక్యాన్ని, వాక్యం మోసే ప్రమాణాన్ని కూడా పరిశీలించవలసి ఉంది. స్కాన్ గది బయట బల్ల మీద కూర్చున్న మనిషికి అందే వాక్యం ఎంత తెలుపుతున్నదో, ఎంత దాస్తున్నదో చెప్పగలగడం భాషావిమర్శకుని పనిలో భాగమే.