కడియం హస్తవాసి, జర్మనీ పట్టా

కడియం నర్సరీల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? రాజమండ్రి దాటి కడియపులంక చేరితే రోడ్డుకు రెండువైపులా మొక్కలే. దేశంలో ఎన్నో ఊళ్ల పార్కులకు పచ్చదనం లారీకెక్కేది అక్కడే. అయితే ఆ మొక్క పెంచినవాడు, తోట వేసినవాడు పని ఎక్కడ నేర్చుకున్నారని మనం అడగం. జర్మనీలో ముందు అడిగేది అదే.

అక్కడ తోటపని ఏడు శాఖల వృత్తి. కూరగాయలకు ఒకటి, పండ్లతోటలకు ఒకటి, చివరికి శ్మశానాల తోటలకూ ఒక శాఖ. ల్యాండ్‌స్కేపింగ్ వాటిలో ఒకటి. బడి ముగించిన కుర్రాడు ఒక కంపెనీతో ఒప్పందం రాసుకుని మామూలుగా మూడేళ్లు పని నేర్చుకుంటాడు. కంపెనీ ఇచ్చే భత్యం ఏటా పెరుగుతుంది. పనితోపాటే వృత్తి పాఠశాల ఉంటుంది. ఏం పని చేశాడో తనే ఒక పుస్తకంలో రాసుకోవాలి, నేర్పేవాడు చూసి సంతకం పెట్టాలి. ఆఖరి పరీక్షలో రాళ్లు పరిచి, మట్టం సరిచూసి, మొక్కలు నాటి చూపించాలి. మొక్కల్ని చూసి వాటి లాటిన్ పేర్లు చెప్పాలి. అది నెగ్గితేనే పట్టా.

కడియంలో పుస్తకమూ లేదు, సంతకమూ లేదు. గాలి అంటు కట్టే చెయ్యిని దగ్గర్నుంచి చూడండి. కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడును ఉంగరంలా తీసి, లోపలి జిగురు పొరను కత్తి అంచుతో గీకేస్తారు. ఆ పొర కాస్త మిగిలినా బెరడు మళ్లీ అతుక్కుంటుంది, వేరు రాదు. ఆపైన తడి నాచు చుట్టి, పాలిథిన్ కాగితంతో బిగించి కడతారు. ఎంత గీకాలో కత్తి పట్టిన వేళ్లకే తెలియాలి. కట్టినవాటిలో ఎన్ని బతికాయన్నదే అక్కడి పరీక్ష. చిన్నప్పటి నుంచి కట్టిన చేతి ఒడుపు మూడేళ్ల కోర్సులో వస్తుందని నేననుకోను.

ఇంత తేడా ఉన్నా రెంటికీ చుట్టరికం ఉంది. మట్టిలో చెయ్యి పెట్టకుండా పని రాదని కడియం ఎలా నమ్ముతుందో, జర్మనీ కూడా అలాగే నమ్ముతుంది. ఆ మూడేళ్లలో ఎక్కువ భాగం పనిలోనే గడిచేది అందుకే. అలాగే డురాంటా, ఇక్సోరా, టెకోమా అంటూ సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్లు కూడా రోజూ పలికేది లాటిన్ పేర్లే. వాళ్లకు మార్కులు వేసేవాళ్లే లేరు.

తేడా ఎక్కడంటే, కడియం మొక్కతో మొదలవుతుంది. జర్మన్ ల్యాండ్‌స్కేపింగ్ శిక్షణలో రాయికీ గోడకూ నీటి వాలుకూ మొక్కతో సమానంగా పెద్దపీట. మన అపార్టుమెంట్ల లాన్లు ఒక్క వానకే చెరువులయ్యేది ఎందుకనుకున్నారు? మొక్కలు నర్సరీ వాళ్ల చేతిలో, రాళ్లు తాపీమేస్త్రీ చేతిలో ఉంటాయి. వాలు మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

అలాగని పట్టా ఉంటే వివేకం వచ్చేసినట్టు కాదు. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్‌ను తెలంగాణలో హరితహారం కింద విరివిగా నాటారు, తర్వాత ప్రభుత్వమే వద్దంది. జర్మనీలోనూ ఇళ్ల ముందు మొక్కలు తీసేసి కంకర పోయడం ఫ్యాషనైంది. ఇలాంటి కంకర తోటలు కుదరవని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2020లో చట్టంలోనే రాయాల్సి వచ్చింది. పట్టా ఉన్నవాళ్లున్న దేశంలోనే కదా ఇదీ జరిగింది! ఇక్కడా అక్కడా తోట వేయమని అడిగినవాడి మాటే చెల్లింది.

మరి పట్టా ఎందుకు? జర్మన్ పనివాడు కంపెనీ మారినా అతని విద్యకు రుజువు జేబులోనే ఉంటుంది. కడియంలో అంటు కట్టినవాడి నేర్పు నర్సరీ పేరు మీద చలామణీ అవుతుంది. వేరే ఊరు వెళితే అతను మళ్లీ మామూలు కూలీ. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, ముందే పని తెలిసినవాళ్లకు కొద్దిపాటి శిక్షణతో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆలోచన మంచిదే. కానీ ఆ కాగితం చూసి కూలి పెంచే నియమం లేకపోతే అది గోడకు వేలాడే పటమే. మున్సిపాలిటీలు పార్కు టెండర్లలో కాంట్రాక్టరు టర్నోవరు అడుగుతాయి. సర్టిఫికెట్ ఉన్న తోటమాలులు ఎందరని కూడా అడగాలి, వాళ్ల కూలి రేటు వేరుగా రాయాలి.