బొమ్మల నవలలు: మొదట ఏది చదవాలి?

కిందటేడు ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, "గ్రాఫిక్ నవలలు చదవమని అందరూ అంటున్నారు సార్. మొదట ఏది చదవమంటారు?" అని అడిగాడు. నేను పెద్దగా ఆలోచించకుండానే ఆర్ట్ స్పీగెల్‌మన్ "మౌస్" తీసి ఇచ్చాను. నా స్థానంలో ఎవరున్నా అదే ఇచ్చేవారనుకుంటాను. నాజీలు యూదులను హతమార్చిన చరిత్రను ఒక కొడుకు తన తండ్రి నోట విని బొమ్మల్లో చెప్పిన పుస్తకమది. మొదటి సంపుటం 1986లోనూ, రెండోది 1991లోనూ వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమానం పొందింది. వారం తిరక్కుండా కుర్రవాడు పుస్తకం తిరిగి తెచ్చి, "కథ చాలా గొప్పగా ఉంది సార్. అయితే ఈ ఎలుకలూ పిల్లులూ లేకుండా మామూలు నవలగా రాసినా ఇంతే గొప్పగా ఉండేదేమో" అన్నాడు.

ఆ మాటకు మొదట నాకు కోపం వచ్చింది. నిదానించి ఆలోచిస్తే తప్పు అతనిది కాదని తెలిసింది. అతను మాటలు చదివాడు, బొమ్మలు చూశాడు. బొమ్మలను కూడా చదవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మనలో చాలామందికి చదువు మీద మోజు పుట్టించింది "చందమామ". 1947లో మొదలైన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు గారు ఎన్నో ఏళ్ళు తీర్చిదిద్దారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు ఇప్పటికీ మన కళ్ళలో మెదులుతూనే ఉంటాయి. కాని ఆ బొమ్మలు కథకు తోడుగా వచ్చేవి. రాజకుమారుడు గుర్రమెక్కాడని వాక్యం చెబితే, ఆ గుర్రాన్ని బొమ్మ చూపించేది. బొమ్మను చేత్తో మూసి చదివినా కథ ఎక్కడా తెగేది కాదు. చందమామకు ఇది లోపమని నేననను. అది కథల పత్రిక, బొమ్మ దాని అలంకారం. ఆ అలవాటుతోనే "మౌస్" తెరిచే పాఠకుడికి మాత్రం పుస్తకంలో సగం అందకుండా పోతుంది.

అభ్యుదయ సాహిత్యం చదివే మనకు దీనికి తోడు మరొక అలవాటు ఉంది. పుస్తకం చేతికి రాగానే "వస్తువేమిటి?" అంటాం. వస్తువు మంచిదైతే శిల్పం సంగతి తరవాత చూసుకుందామనుకుంటాం. తరవాత చూడం. కొత్తవాళ్ళకు మనం రాసిచ్చే జాబితాలు అందుకే అలా ఉంటాయి: యుద్ధానికి ఒక పుస్తకం, స్త్రీ సమస్యకు ఒకటి, కులానికి ఒకటి, పాలస్తీనాకు ఒకటి. మందుల చీటీ ఇచ్చినట్టు ఇస్తాం. యుద్ధం చెడ్డదని ముందే తెలిసినవాడు బొమ్మల పుస్తకం చదివి, యుద్ధం చెడ్డదని మళ్ళీ తెలుసుకుంటాడు. దానికి కరపత్రం చాలు కదా!

అసలు ఈ ప్రక్రియే పనికిరాదనే మిత్రులూ ఉన్నారు. వారు వెంటనే చిలీ ఉదాహరణ చెబుతారు. అయెందే ప్రభుత్వం ఉన్న రోజుల్లో, 1971లో, ఏరియల్ డార్ఫ్‌మన్, ఆర్మాన్ మత్తెలార్ కలిసి డిస్నీ వారి డొనాల్డ్ డక్ కథలను విమర్శిస్తూ పుస్తకం రాశారు. ఆ బాతుల లోకంలో సొమ్ము ఉంటుంది గాని దాన్ని సృష్టించే కార్మికుడు కనిపించడనీ, దూరదేశాల ప్రజలు తమ సంపదను నవ్వుతూ అప్పగించే అమాయకులుగానే కనిపిస్తారనీ వారు చూపించారు. అది గొప్ప విమర్శ. 1973 సైనిక కుట్ర తరవాత చిలీలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు కూడా. కాని ఆ విమర్శకుల కోపం డిస్నీ మీద. అదే రోజుల్లో ఆ ప్రభుత్వ ప్రచురణ సంస్థ కిమాంతూ ప్రజల కోసం సొంతంగా కామిక్స్ వేసింది. మన మిత్రులు ఈ రెండో సగం చెప్పరు.

ఇంతకూ కుర్రవాడికి మొదట ఏది ఇవ్వాల్సింది? ఇప్పుడు నన్నడిగితే ఫ్రాన్స్ మాజరీల్ పేరు చెబుతాను. ఇతను బెల్జియం దేశస్థుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జెనీవాలో ఉండి యుద్ధ వ్యతిరేక పత్రికలకు బొమ్మలు వేశాడు. 1918లో ఒక కార్మికుడి జీవితాన్ని 25 బొమ్మల్లో చెప్పాడు. కర్రపలకల మీద చెక్కి ముద్రించిన నలుపు తెలుపు బొమ్మలవి. ఒక్క మాట కూడా ఉండదు. పెళ్ళికాని తల్లికి పుట్టినవాడు, చిన్నతనంలోనే పనిలో పడినవాడు, దొంగతనం చేసి జైలుకు పోయినవాడు, పనిలోనూ పుస్తకాల్లోనూ లోకం తెలుసుకుని, తిరుగుబాటుకు ముందు నిలిచి, తుపాకీ గుండ్లకు బలవుతాడు. కథ మనకు కొత్తదేమీ కాదు. కాని చెప్పేందుకు మాట లేదు గనక పాఠకుడు బొమ్మను చదవక తప్పదు. ఈ బొమ్మకూ తరవాతి బొమ్మకూ మధ్య ఎన్నేళ్ళు గడిచాయి? అతను ఎవరి వైపు చూస్తున్నాడు? గది ఎందుకంత చీకటిగా ఉంది? ఇవన్నీ మనమే పూరించుకోవాలి. పావుగంటలో అయిపోతుంది. ఇంగ్లీషు రానివాడికి కూడా అడ్డు లేదు. గ్రామంలో చదువుకుంటున్న విద్యార్థి చేతిలో ధైర్యంగా పెట్టవచ్చు.

దాని తరవాత "భీమాయన". 2011లో నవయాన వారు వేసిన ఈ పుస్తకం అంబేద్కర్ అనుభవాల మీద ఆధారపడింది. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి, బొమ్మలు పర్ధాన్ గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. మనుషులను గడుల్లో బంధిస్తే ఊపిరాడదని ఆ దంపతులు గడులు గీయటానికి ఒప్పుకోలేదు. తమ ఇళ్ళ గోడల మీదా నేల మీదా వేసుకునే దిగ్న అనే అల్లికతోనే పేజీని విభజించారు. మాటల బుడగలు కూడా వారి పద్ధతిలోనే ఉన్నాయి: మెత్తని మాట పక్షి ఆకారంలో వస్తుంది, కులవిషం కక్కే మాటకు తేలుకొండి ఉంటుంది. ఎవరి మాట ఎలాంటిదో అక్షరం చదవకముందే తెలుస్తుంది. అంబేద్కర్ ఉపన్యసిస్తుంటే లౌడ్‌స్పీకర్లు నీటిజల్లులుగా మారి జనం మీద కురుస్తాయి. చెరువునీళ్ళ కోసం 1927లో మహద్‌లో జరిగిన పోరాటానికి ఇంతకంటె సూటి వ్యాఖ్యానం వాక్యాల్లో చెయ్యటం కష్టం. 1967లో మొదలైన "అమర చిత్ర కథ"లు చదివి పెరిగినవాళ్ళు వాటిని దీని పక్కన పెట్టి చూడాలి. వాటిలో వీరులకు పచ్చని మేనిఛాయ, రాక్షసులకు నల్లని ఛాయ. ఆ సంగతి వాక్యం చెప్పదు, రంగు చెబుతుంది. బొమ్మకు కూడా రాజకీయం ఉంటుందని తెలియటానికి ఆ ఒక్క పోలిక చాలు.

ఈ సందర్భంలో చేర్యాల పటాలు గుర్తుకు రాక మానవు. మార్కండేయ పురాణాన్ని పద్మశాలీలకూ, మడేలు పురాణాన్ని చాకలివారికీ పటం విప్పి, ఒక్కొక్క వరసా చూపిస్తూ కథ చెప్పేవారు. బొమ్మలను వరసగా చదవటం మన శ్రామిక కులాలకు తెలిసిన విద్యే. పుస్తకాలు చదువుకున్న మనమే దాన్ని మరిచాం.

మూడో పుస్తకం విషయంలో కొందరికి అభ్యంతరం ఉండవచ్చు. కేజీ నకజావా జపాను భాషలో రాసిన "హదషి నో గెన్" అంటే వట్టికాళ్ళ గెన్ అని అర్థం. 1973లో ఒక బాలుర వారపత్రికలో మొదలై పది సంపుటాలయింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు నకజావాకు ఆరేళ్ళు. బడిగోడ అడ్డం రావటం వల్ల బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు చనిపోయారు. ఇంత విషాదాన్ని ఆయన పిల్లల హాస్యపత్రిక బొమ్మల్లోనే చెప్పాడు. పిల్లలు తన్నుకుంటారు, పళ్ళికిలిస్తారు, గంతులేస్తారు. మన పెద్దలకు ఇది ఎబ్బెట్టుగా తోస్తుంది. నాకూ మొదట అలాగే తోచింది. మొదటి సంపుటం చివర అదే గీతతో, అదే గుండ్రటి ముఖాల మీద చర్మం వేలాడటం చూసినప్పుడు గాని రచయిత ఎత్తు తెలియలేదు. ఆ పిల్లల అల్లరికి మనం అలవాటు పడి ఉండకపోతే ఆ పేజీలు మనకు ఫోటోల్లాగే ఉండేవి. పైగా నకజావా అమెరికాను దోషిని చేసి ఊరుకోలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించిన గెన్ తండ్రిని దేశద్రోహి అని వెలివేసిన ఇరుగుపొరుగునూ, కొరియా వారిని పురుగుల్లా చూసిన తన జాతినీ కూడా వదిలిపెట్టలేదు.

మర్జాన్ సత్రాపి "పెర్సెపొలిస్" గురించి కుర్రవాడికీ నాకూ వాదం జరిగింది. ఇరాన్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన ఈమె 2000-2003 మధ్య ఫ్రెంచిలో నాలుగు భాగాలుగా ఈ ఆత్మకథ వెలువరించింది. "ఇది పైతరగతి వాళ్ళ కథ సార్. కారూ, పనిమనిషీ ఉన్న ఇంటి పిల్ల విప్లవాన్ని ఏం చూస్తుంది?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు పుస్తకంలోనే ఒకచోట ఉంది, అదీ బొమ్మల్లో. ఇరాక్‌తో యుద్ధ కాలంలో పేదింటి కుర్రవాళ్ళకు ప్లాస్టిక్ తాళం చెవులు పంచి, చస్తే స్వర్గం తలుపు తెరుచుకుంటుందని నమ్మించి మందుపాతరల మీదకు పంపుతారు. ఆ పేజీలో పైన పెద్ద గడి: మెడలో తాళం చెవులతో గాలిలోకి ఎగిరిపడుతున్న పిల్లల నల్లని నీడలు. కింద చిన్న గడి: మర్జీ తన మొదటి పార్టీలో స్నేహితులతో గంతులేస్తూ ఉంటుంది. ఆ దేహాలూ గాలిలోనే ఉన్నాయి, ఈ దేహాలూ గాలిలోనే ఉన్నాయి. తన వర్గం గురించి ఆమె ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యదు, ఆ రెండు గడులనూ ఒకదాని కింద ఒకటి పెడుతుంది. కుర్రవాడు ఆ పేజీ చాలాసేపు చూసి, "ఇది ఒప్పుకుంటాను. మిగతా పుస్తకం సంగతి ఒప్పుకోను" అన్నాడు. రెండో సగం గురించి అతని అభిప్రాయంలో కొంత నిజముందనే నాకూ అనిపిస్తుంది. యూరపులోని ఒంటరితనం చెప్పే భాగాల్లో మొదటి సగంలోని బిగువు లేదు. దేవుడికీ మార్క్సుకూ పోలికలున్నాయని చిన్నారి మర్జీ అనుకునే చోట మాత్రం ఇద్దరం నవ్వుకున్నాం.

ఇన్ని చదివాక అతను తనంతట తానే "మౌస్" మళ్ళీ తీసుకుపోయాడు. ఈసారి తిరిగి వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించాడు. దాక్కునే చోటు లేక తండ్రీ తల్లీ నడిచిపోతుంటే, వారి ముందున్న దారుల కూడలి స్వస్తిక గుర్తు ఆకారంలో ఉంటుంది. ఎటు నడిచినా నాజీల దారే. యూదులు పోలండు వారిగా నటించి వీధిలో తిరిగేటప్పుడు ఎలుక ముఖాలకు పంది ముసుగులు కడతారు; తల్లి రూపురేఖలు దాచటం కష్టం గనక ఆమె కోటు కింద తోక కనిపిస్తూనే ఉంటుంది. జాతి అనేది పుట్టుకతో వచ్చే ముఖమా, ఒకరు తగిలించిన ముసుగా? రెండో సంపుటంలో స్పీగెల్‌మన్ తనను తానే ఎలుక ముసుగు కట్టుకున్న మనిషిగా గీసుకుంటాడు. అతని బల్ల కింద శవాలు పడి ఉంటాయి. మామూలు నవలగా రాస్తే ఈ ఆలోచన ఎక్కడికి పోయేది?

నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటె విలువైనదిగా తోచేది తండ్రి పాత్ర. ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డ ఆ మనిషి పిసినారి, భార్య డైరీలు తగలబెట్టినవాడు. దారిలో ఒక నల్లజాతి మనిషిని కారెక్కించుకుంటే, దొంగతనం చేస్తాడేమోనని వణికిపోతాడు. బాధలు పడ్డవాడు బాధల వల్ల పునీతుడవుతాడని మన కథల్లో చాలా తేలికగా రాసేస్తుంటాం. స్పీగెల్‌మన్ తన సొంత తండ్రి విషయంలో కూడా ఆ వెసులుబాటు తీసుకోలేదు. 2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక జిల్లా బోర్డు ఈ పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పాఠాల నుంచి తొలగించింది. కారణం, కొన్ని బూతుమాటలూ ఒక చిన్న నగ్న చిత్రమూనట!

జో సాకో "పాలస్తీనా"ను నేను చివరికి అట్టే పెట్టాను. వస్తువు ఇవాళ రగులుతున్నది గనక అందరూ మొదటే ఇస్తారు. 1991-92 శీతకాలంలో అక్కడ తిరిగి, 1993 నుంచి సంచికలుగా వేసిన రచన. పేజీలు కిక్కిరిసి ఉంటాయి, గడులు వంకరగా దొర్లుతుంటాయి, కొత్తవాడి కళ్ళు తిరుగుతాయి. అందులో నిర్బంధంలో ఉన్న ఒక మనిషి కథ ఉంది. మొదటి పేజీలో గడులు కొన్నే, పెద్దవి. ముసుగు వేసి, కట్టేసి, నిద్ర పోనివ్వకుండా రోజులు గడుస్తున్నకొద్దీ గడులు ఎక్కువవుతాయి, చిన్నవవుతాయి. పేజీ అంతా ఇరుకు కొట్లతో నిండిపోతుంది. చదివేవాడికి కాలం ఎంత గడిచిందో తెలియదు, తెలియకూడదు కూడా. ఎడిటింగు తెలిసిన సినిమావాళ్ళు కూడా ఈ పని చెయ్యలేరు, ఎందుకంటే సినిమాలో గడిచిన క్షణం పోతుంది. ఇక్కడ ఆ గడులన్నీ ఒక్కసారే మన కళ్ళ ముందు ఉంటాయి.

ఆ భాగం చదువుతున్నప్పుడు గడులు లెక్కపెట్టుకుంటూ పొమ్మని చెప్పి పుస్తకం అతనికిచ్చాను.