ఓబ్రాక్ కొండ మీద ఒక పళ్ళెం

గార్గుయూ దక్షిణ ఫ్రాన్స్‌లోని ఓబ్రాక్ పల్లెల పాత వంట. బంగాళదుంపలు, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం కలిపి ఉడికించేవారు. లాయోల్ ఊళ్ళో వంట చేసిన మిషెల్ బ్రాస్ ఆ పేరు ఉంచి, వంటకాన్ని పూర్తిగా మార్చేశారు. ఆ రోజు తోటలోనూ పచ్చికబయళ్ళలోనూ దొరికిన లేత కూరగాయలు, ఆకులు, పూలు, గింజలు అందులో యాభైకి పైగా చేరతాయి.

పనితనమంతా పాకం చూడడంలో ఉంది. ప్రతి కూరగాయనూ విడిగా, దాని పదును కనిపెట్టి ఉడికిస్తారు. కొన్నిటిని పచ్చిగానే వదిలేస్తారు. మాంసం ముక్క వేయించిన పెనంలోనే కూరగాయల రసం, కాస్త వెన్న వేసి చివర్లో అన్నీ కలుపుతారు. పాత పల్లె వంట వాసన అలా నిలుస్తుంది. ఇంత ఓపికతో కూరగాయను గౌరవించిన వంట అరుదు.

1992లో బ్రాస్ భోజనశాల ఊరి బయటి కొండ మీదికి మారింది. 1999లో దానికి మిషెలిన్ గైడు మూడో నక్షత్రం ఇచ్చింది. 2017లో కుమారుడు సెబాస్టియన్ తమను ఆ గైడు నుంచి తప్పించమని కోరారు. ఆ భోజనశాల బల్ల మీద భోజనమంతటికీ ఒకటే లాయోల్ చాకు. వంటకం మారినా చాకు మారదు. సొంత చాకు జేబులో ఉంచుకునే ఓబ్రాక్ రైతుల అలవాటు అది.