తోలుబొమ్మకు గుర్తింపు, ఆటకు రక్షణ: మేధోసంపత్తి చట్టాల విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:
చిత్రం, పాట, పద్యం, వచనం, హాస్యం ఒకే తెరపై కలిసే జానపద ప్రక్రియ తోలుబొమ్మలాట. అనంతపురం కరువుసీమలో దీనికి ప్రధాన కేంద్రం ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. ఉమ్మడి అనంతపురం జిల్లాకు చెందిన ఈ గ్రామం 2022 పునర్విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ కళకు ‘ఆంధ్రప్రదేశ్ లెదర్ పప్పెట్రీ’ పేరిట భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఆ గుర్తింపు రక్షిస్తున్నది బొమ్మనా, ఆటనా? ఈ ప్రశ్నను చట్టపాఠం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పేరులో ఆట, చట్టంలో వస్తువు:
1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. వ్యవసాయ, ప్రకృతిసిద్ధ, తయారీ వస్తువులే దీని పరిధి. ‘వస్తువు’ నిర్వచనంలో హస్తకళా వస్తువులు కూడా ఉన్నాయి. కాబట్టి మేకతోలును శుభ్రపరచి, పలుచన చేసి, చిల్లులు పొడిచి, రంగులు వేసి రూపొందించిన బొమ్మ ఈ చట్టం కిందికి వస్తుంది. నమోదైన పేరులోని ‘పప్పెట్రీ’కి బొమ్మలాడించే విద్య అనే అర్థం ఉన్నా, అది నమోదైంది హస్తకళగానే. పేరు ఆటది, రక్షణ వస్తువుది.

ఈ పరిమితిని డార్జిలింగ్ వివాదం స్పష్టం చేస్తుంది. ఒక హోటల్ ‘డార్జిలింగ్ లౌంజ్’ అని పేరు పెట్టుకోవడాన్ని టీ బోర్డు సవాలు చేయగా, 2019లో కలకత్తా హైకోర్టు ఆ దావాను కొట్టివేసింది. భౌగోళిక గుర్తింపు ఇచ్చే హక్కు వస్తువులకు సంబంధించినదనీ, లౌంజ్ అందించేది సేవ అనీ న్యాయస్థానం భావించింది. ఈ తర్కాన్ని నిమ్మలకుంటకు అన్వయిస్తే, వేరే చోట చేసిన బొమ్మను ఈ పేరుతో అమ్మేవారిని అడ్డుకోవచ్చు. ఇక్కడి కథన రీతిని అనుకరించి ఆడేవారిని అడ్డుకునే మార్గం ఈ చట్టంలో కనిపించదు. విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందన్న నమ్మకం తెలుగునాట ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో బతికే సీమలో ఆ నమ్మకం ఆటకు సంబంధించినది. చట్టం మాత్రం ల్యాంప్‌షేడుగా, గోడ అలంకరణగా అమ్ముడయ్యే తోలుపనినే గుర్తిస్తున్నది.

కర్తృత్వ సమస్య:
ఆటలోని సాహిత్యాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం ఆదుకుంటుందా? రామాయణ, భారత కథలు ఉమ్మడి సొత్తు. కథావస్తువుకు కాపీరైట్ ఉండదనీ, అభివ్యక్తికే ఉంటుందనీ ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రచనలో కనీస సృజనాత్మకత ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007లో నిర్దేశించింది. తోలుబొమ్మలాటలో ఆ సృజన విశేషంగా కనిపించేది కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్కల సంభాషణల్లో. ఊరినీ సందర్భాన్నీ బట్టి అవి అప్పటికప్పుడు పుడతాయి. అయితే సెక్షన్ 2లోని ‘నాటక రచన’ నిర్వచనం రంగ నిర్వహణ గానీ అభినయ రూపం గానీ లిఖితంగానో మరో విధంగానో స్థిరపడి ఉండాలంటుంది. మౌఖిక కళకు ప్రాణమైన చలనశీలతే ఇక్కడ అనర్హత అవుతున్నది.

ప్రదర్శకుని హక్కు, పరిశోధకుని మినహాయింపు:
1994 సవరణతో వచ్చిన ప్రదర్శకుల హక్కు కొంత ఊరట. ప్రదర్శకుల జాబితాలో పాములాడించేవారిని పేర్కొన్న చట్టం బొమ్మలాడించేవారిని పేరుతో చెప్పకపోయినా, ‘ప్రదర్శన ఇచ్చే ఇతర వ్యక్తులు’ అన్న మాటలో వారు ఇముడుతారు. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ప్రదర్శకునిగా గుర్తింపు కోరే నైతిక హక్కును చేర్చింది. కానీ ఇవన్నీ ఫలానా రాత్రి జరిగిన ఫలానా ప్రదర్శనకు చెందినవి. తరతరాల సంప్రదాయానికి వర్తించవు.

తెలుగు జానపద పరిశోధనకు నేరుగా తగిలే అంశం సెక్షన్ 39లో ఉంది. కేవలం బోధన, పరిశోధనల కోసం సదుద్దేశంతో చేసే రికార్డింగు ప్రదర్శకుల హక్కుకు భంగం కాదు. మరోవైపు, సౌండ్ రికార్డింగుకు కర్త దాని నిర్మాతే. అంటే పాడిన గొంతు ఒకరిది, టేపుపై స్వామ్యం మరొకరిది. పాఠం సిద్ధాంత గ్రంథంలో అచ్చయ్యేసరికి ‘ఒక కళాకారుడు చెప్పిన ప్రకారం’ అన్న వాక్యంలో ఆ గొంతు కరిగిపోతే, చట్టం వదిలిన ఖాళీని పరిశోధన మరింత పెంచినట్లవుతుంది.

ముగింపు:
జన్యువనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ విజ్ఞానంపై ప్రపంచ మేధోసంపత్తి సంస్థ సభ్యదేశాలు 2024 మే నెలలో ఒప్పందాన్ని ఆమోదించాయి. జానపద అభివ్యక్తులు ఆ ఒప్పందంలో లేవు. ఆ రక్షణ వచ్చేదాకా మౌఖిక పాఠానికి దగ్గరగా ఉండేది పరిశోధకులే. ఆడించినవారి పేరు, ఊరు, తేదీ, వారి సమ్మతి ప్రతి పాఠంతోపాటు నమోదు కావాలి. రికార్డింగు ప్రతి తిరిగి ఆ కుటుంబానికి చేరాలి. చట్టం అనుమతి అడగనవసరం లేదన్నంత మాత్రాన పరిశోధన అడగకుండా ఉండరాదు. బొమ్మకు దక్కిన గుర్తింపు దానికి ప్రాణం పోసే గొంతుకు కూడా దక్కే దిశగా తెలుగు పరిశోధన వేయగల తొలి అడుగు ఇదే.