కిలికి భాష: గుణదోష విచారము

తెలుగు పద్యము నొప్పగింపుమన్నచో తలవంచుకొని నిలుచు బాలుడొకడు మా తరగతిలో గలడు. ఆ బాలుడే విరామసమయమున 'బాహుబలి' చలనచిత్రములోని కాలకేయుని పలుకులను నాలుక చప్పుళ్లతో సహా తడబాటులేక వల్లించుట మేము వింటిమి. అర్థమేమని యడుగగా నతనికి దెలియదు. తెలిసికొనవలెనను కోరిక మాత్రము మెండుగా నున్నది. కొన్ని దినములకు అతని తండ్రిగారు లింగంపల్లి రైలుస్టేషనులో మాకు గనబడిరి. ఆయన ఇచ్చటి కంప్యూటరు సంస్థలలో నొకదానియందు ఉద్యోగి. "సారూ, మావాడు కిలికి భాష నేర్చుకొందునని పట్టుపట్టినాడు. అదియును ఒక భాషయేనా? నేర్వనీయవచ్చునా?" అని యడిగిరి. వలదని వెంటనే చెప్పుట సులభమే. కాని పరీక్షింపనిదానిని నిందించుట విమర్శకధర్మము గాదు. కావున మేమును కొన్ని వారములు ఆ భాషను నేర్వ యత్నించితిమి. అందు మాకు దోచిన గుణదోషములను చదువరుల యెదుట నుంచుచున్నాము.

కిలికిని కల్పించినవారు తమిళకవి మదన్ కార్కిగారు. వారు ఆస్ట్రేలియాలో నున్నకాలమున పిల్లల వినోదమునకై 'క్లిక్' అను చిన్నభాష నొకదానిని కూర్చిరి. పిమ్మట రాజమౌళిగారు తమ చిత్రములోని కాలకేయజాతి కొక భాష కావలెనని కోరగా, దానినే పునాదిగా జేసికొని కిలికిని నిర్మించిరి. చిత్రము 2015వ సంవత్సరము జూలై 10వ తేదీన విడుదలయ్యెను. అప్పటికి ఆ భాషలో సుమారు 750 మాటలు, 40 వ్యాకరణసూత్రములు నుండెను. 2020వ సంవత్సరము ఫిబ్రవరి 21న, అనగా అంతర్జాతీయ మాతృభాషాదినమున, లిపితో సహా దానిని అందరును నేర్చుకొనుటకు వీలుగా అంతర్జాలమున నుంచిరి. ప్రపంచములో నిదియే మిక్కిలి సులభమైన భాష యని దానిని ప్రకటించిరి.

ముందు గుణములు జెప్పుదము. ప్రేక్షకునకు అర్థము గాకయే భయము గొలుపవలెననునది చిత్రకారుల యుద్దేశము. అది సంపూర్ణముగా నెరవేరినది. కాలకేయనాయకుని పాత్ర ధరించిన ప్రభాకర్‌గారి నోట ఆ మాటలు అర్థరహితమైన అరపులుగా గాక, ఒక జాతి మాటలాడుకొను పలుకులుగా వినబడినవి. వెనుక వ్యాకరణ ముండుటయే దీనికి కారణము. రెండవ గుణము మా వృత్తికి సంబంధించినది. విభక్తులనగానే ఆవులించు బాలురు "ఈ భాషలో బహువచన మెట్లు చేయుదురు సార్?" అని తమంతట తామే యడిగిరి. వ్యాకరణము దండన గాదనియు, అది మాటలను నిర్మించు నేర్పనియు ఆటలో వారికి దెలిసినది. ఇంతమేలు మా పాఠ్యపుస్తకములు చేయలేదని యొప్పుకొనవలసియున్నది.

ఇక దోషములు. కిలికిలో 'మిన్' అనగా నేను. 'నిమ్' అనగా నీవు. ఒకదానిని త్రిప్పిన రెండవది వచ్చును. కాగితముమీద నిది మిక్కిలి తేలిక. రైలులో గూర్చుండి మనస్సులో వాక్యములు కూర్చుకొనుచున్నప్పుడు మాత్రము మాకు నేను నీవై, నీవు నేనైపోయినవి. మన భాషలో నేను, నీవు అను మాటల నెవరును తారుమారు చేయరు; అవి వేయిసార్లు విని, వేయిసార్లు పలికి నిలిచిన మాటలు. మా వాక్యము తప్పైనచో తప్పని చెప్పువాడు లేడు. ఒప్పైనచో విని బదులు పలుకువాడును లేడు. నిఘంటువు మాటకు అర్థము జెప్పును గాని ఆ మాటను ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడిన నలుగురును నవ్వుదురో చెప్పజాలదు.

మన వైయాకరణులు లక్ష్యము ముందు, లక్షణము వెనుక యని యెరిగినవారు. లోకులు మాటలాడిన పిమ్మటనే సూత్రము పుట్టును. పతంజలి మహాభాష్యమున కుమ్మరిని వైయాకరణునితో బోల్చి, కుండలవలె మాటలు ఒకరి యింట తయారగునవి గావని చూపెను. కిలికి విషయమున మాత్రము మనము నిజముగా వైయాకరణుని యింటికే పోవలసియున్నది. ఆయన చేసియుంచినన్ని మాటలే మనకు గలవు.

ఈ యిబ్బంది కిలికి కొక్కదానికే గలిగినది గాదు. 1980ల యందు అమెరికా చలనచిత్రములకై మార్క్ ఓక్రాండ్ అను భాషావేత్త 'క్లింగన్' భాషను కల్పించి, 1985లో నిఘంటువును ప్రకటించెను. పిమ్మట నొక విద్వాంసుడు తన కుమారునితో పసితనమునుండి సుమారు మూడేండ్లు క్లింగనులోనే మాటలాడి చూచెను. యుద్ధమునకు గావలసిన మాటలు సమృద్ధిగా నున్నవి గాని ఇంటిలోని సామాన్యవస్తువులు కొన్నింటికి మాటలే లేకపోయెను. తండ్రి తప్ప మరి యెవరును ఆ భాషలో పలుకరింపకపోవుటచేత కడకు బాలుడు దానిలో బదులిచ్చుట మానివేసెను.

అయినచో కల్పితమగుటయే దోషమా యందురేమో. కాదు. జామెన్‌హోఫ్ 1887లో ప్రకటించిన 'ఎస్పరాంటో'యును కల్పితమే. కాని దానిని వాడువారు సంఘములుగా గూడిరి. 1905 మొదలు అంతర్జాతీయ సభలు జరుపుకొనిరి. ఉత్తరములు, కథలు వ్రాసికొనిరి. సంస్కృతమును మేము ఇంట మాటలాడి నేర్వలేదు. అయినను సందేహము గలిగినపుడెల్ల కావ్యములు, వ్యాఖ్యానములు మాకు బదులు చెప్పినవి. మనుష్యులైనను గ్రంథములైనను బదులు పలుకవలెను. అది లేనిచోట సులభమైన భాషయే కష్టతరమగును.

దీనికి ఎదురైన యుదాహరణము మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు నేర్చిన సవరభాషకు అప్పటికి వ్యాకరణ పుస్తకము లేదు, నిఘంటువు లేదు. సవరలు మాత్ర ముండిరి. పర్లాకిమిడిలో వారితో గలసిమెలసి, వారి నోటనే విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. కిలికికి సూత్రములు గలవు, లిపి గలదు, జనము లేరు. మా లింగంపల్లికి చేరువనున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు పండితులు ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున లభించిన గోండి వ్రాతప్రతులపై పరిశోధన చేసిరి. ఆ లిపి 2018లో యూనికోడున జేరినది. కొత్తలిపి నేర్వవలెనని యుత్సాహపడు మన బాలురకు ఈ సంగతి చెప్పినవారు ఎందరు? అచ్చట లిపియును గలదు, బదులు పలుకు జనమును గలరు.

గిడుగువారు గ్రాంథికము నెదిరించినపుడు చేసిన యాక్షేపణ యిదియే గదా: బడిలో నేర్పు భాష బాలునికి ఇంట వినబడదు, వీథిలో వినబడదు. పుస్తకభాషను విడువలేక వ్రాయుచున్న మాకును ఆ యాక్షేపణ తగులును. అయితే నేటి విపరీతము వేరు. వాడుక తెలుగే ఇంట వినబడకున్నది. తెలంగాణ ప్రభుత్వము 2018లో బడులన్నిటను తెలుగు నిర్బంధముగా నేర్పవలెనని చట్టము చేసినది. చట్టము తరగతిలో పాఠము చెప్పించగలదు గాని భోజనమువేళ తండ్రిచేత బిడ్డతో మాటలాడించలేదు.

ఆ తండ్రిగారి యింటికి మేమొక ఆదివారము పోతిమి. మెదకు ప్రాంతమునుండి వచ్చిన నాయనమ్మగారు మనుమని పిలిచి, "బిడ్డా, అన్నం తిన్నవా?" యని యడిగిరి. బాలుడు ఆటనుండి తలయెత్తక ఆంగ్లమున రెండు మాటలు చెప్పెను. ఆమె మా వంక జూచి నవ్వి యూరకుండిరి. అప్పుడు తండ్రిగారితో మేమిట్లంటిమి: "కిలికిని నేర్వనిండు, దానివలన హాని లేదు, వ్యాకరణమునందు కొంత రుచి గలుగును. కాని మీ తల్లిగారు పలుకరించినపుడు తెలుగున బదులు చెప్పుట ముందు నేర్పుడు. మీరును వానితో రోజున నొక పూటయైనను తెలుగున మాటలాడుడు." ఆయన, "వానికి రాదు సారూ, నాకు తీరిక లేదు" అనిరి.

చదువరులారా, ఈ మాట ఒక్కయింటిది గాదు. నాయనమ్మ భాష మనుమనికి అర్థమగుచునే యున్నది. బదులు మాత్రము లేదు. కాలకేయుని భాషకు బదులు పలుకువారు మొదటినుండియు లేరు. మన భాషకు ఉన్నవారు నోరు మూసికొనుచున్నారు. తీరిక లేదన్న తండ్రిగారు రైలు దిగి యింటికి వచ్చుదారిలో కుమారునితో ఫోనులో నిత్యమును మాటలాడుదురని మేమెరుగుదుము. ఆ పది నిమిషములు చాలును.