ముక్కలను ముట్టుకోకుండా

మోకాలి పైన తొడ ఎముక నుజ్జయితే ఒకప్పుడు పక్కనుంచి పొడవాటి కోత పెట్టేవాళ్లు. ప్రతి ముక్కనూ బయటికి కనిపించేలా చేసి, పేర్చి, ప్లేటు బిగించేవాళ్లు. 1958లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఏఓ అనే సర్జన్ల బృందం ఈ విద్యను ప్రపంచానికి నేర్పింది. ఎక్స్‌రే చూడముచ్చటగా వచ్చేది. కానీ కొందరికి ఎముక అతికేది కాదు, చీము పట్టేది. ముక్కలకు రక్తం అందించే పైపొరను ఆపరేషనే ఒలిచేసేది మరి.

1990లలో జర్మనీకి చెందిన క్రిస్టియన్ క్రెటెక్ వంటి సర్జన్లు దారి మార్చారు. చిన్న కోతల్లోంచి కండరం కింద ప్లేటును జార్చడం, విరిగిన చోటు జోలికి పోకపోవడం. ఇందుకు ఇప్పుడు వాడే లాకింగ్ ప్లేట్లలో స్క్రూ తల ప్లేటులోనే మరలతో బిగుసుకుంటుంది కాబట్టి ప్లేటు ఎముకను నొక్కనక్కర్లేదు. గడ్డకట్టిన రక్తం కదలకుండా అక్కడే ఉంటే కొత్త ఎముక అందులోంచే మొదలవుతుంది.

నాకు ఇందులో ఎక్కువ ఇష్టమైనది ప్లేటు పెట్టకముందు జరిగే పని. పిక్క కండరం కింది ముక్కను వెనక్కి లాగేస్తుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కాస్త వంచితే ఆ లాగుడు తగ్గుతుంది. తర్వాత తాపీమేస్త్రి దారం పట్టినట్టు, కరెంటు కత్తి తీగను తుంటి నడిమి నుంచి చీలమండ నడిమికి బిగలాగి సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తాం. తీగ నీడ మోకాలి మధ్యగా పోతే కాలు తిన్నగా ఉన్నట్టే. కాలు మెలిక మాత్రం ఆ నీడలో దొరకదు. రెండో కాలితో పోల్చుకోవాల్సిందే. ఇక్కడ తొందరపడితే ఎంత చిన్న కోతైనా వృథా.

కీలు లోపలి సంగతి వేరు. మృదులాస్థి మీద మెట్టు మిగిలితే మోకాలు అరిగిపోతుంది. అక్కడ అవసరమైతే తెరిచి సరిచేయాలి. మచ్చ చిన్నదిగా ఉండాలన్న ముచ్చటతో కీలును వదిలేయడం నా దృష్టిలో వైద్యం కాదు.

ఇదంతా ఆసుపత్రికి వేళకు చేరిన కాలికే. మోకాలి వెనకే పెద్ద ధమని ఉంటుంది, విరిగిన ఎముక దాన్ని దెబ్బతీయొచ్చు. పిక్క రాయిలా బిగుసుకుని నొప్పి పెరుగుతున్నా, పాదం చల్లబడినా, వేళ్లు తిమ్మిరెక్కినా నాటుకట్టు కోసం తిరగకండి. తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి చేర్చండి.