వ్యాసమా, సమాసమా?

విపూర్వకమగు ‘అసు క్షేపణే’ ధాతువువలన వ్యాసశబ్దము సిద్ధించును. విప్పి పఱచుట దాని యర్థము. సంపూర్వకమైనచో సమాసము, అనఁగాఁ గూర్చుట. ఇంటర్మీడియట్టు తరగతులలో వ్యాసమని పేరిడి మనవారు నేర్పుచున్నది రెండవదియే యని నా యభియోగము.

నిజామాబాదు జిల్లా పోచంపాడు బాలుఁ డొకఁడు ‘పసుపు’ అను విషయముపై వ్రాసి తెచ్చెను. ‘సకలమంగళద్రవ్యశిరోమణి’ యని యారంభము. పిదప లక్ష్మీస్తుతి, ఆపైని గోదావరీమాహాత్మ్యము, తుదను దేశభక్తి. అపశబ్ద మొక్కటియు లేదు. కాని యా వాక్యముల నెట్లు తాఱుమాఱు చేసినను నష్టము లేదు, దోష మదియే. యోగ్యతాకాంక్షాసత్తులు గల పదసమూహము వాక్యమనియు, నట్టి వాక్యముల సమూహము మహావాక్యమనియు సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు చెప్పెను. పదములయం దడుగు నాకాంక్షను వాక్యములయందు మన మడుగుట లేదు.

‘పసుపు త్రవ్విన పిదప మీయింట నేమి చేయుదురు?’ అని యడిగితిని. కొమ్ముల నుడికించుట, 10, 15 దినము లెండఁబెట్టుట, మెఱుఁగు పట్టించుట, నిజామాబాదు మార్కెట్టునకుఁ దరలించుట తడఁబాటు లేక చెప్పెను. ఒక్కొక్క పనియుఁ దన ముందటిదాని నాకాంక్షించుచున్నది. వ్యాస మదియే! వ్రాయలేదేమి యనఁగా, ‘అది వ్రాయఁదగినదని తోఁచలేదండి’ యనెను. ఆ తలంపు వానికిఁ గలిగించినవారము మనమే.

మద్రాసు రాజధానిలో విద్యార్థుల వ్రాఁత కే భాష తగునని 1913లో గిడుగు రామమూర్తి పంతులుగారును, జయంతి రామయ్య పంతులుగారును గ్రంథములు ప్రకటించి వాదించిరి. నేను రామయ్య పంతులుగారి పక్షమువాఁడనే. ఐనను ఆ వాదమునుండి మనకు సంక్రమించినది శబ్దపరీక్షయే కాని యర్థక్రమపరీక్ష కాదు. బాలుని పుటలలో నేను దిద్దవలసిన సంధి యొక్కటియుఁ గనఁబడలేదు. మార్కులు వేయుటకుఁ జేయి రాలేదు.